పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: నవ్వించే ప్రేమకథల్లో పాటలు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ప్రేమకథా హాస్యచిత్రాల పాటల చుట్టూనే తిరిగాయి. పాడేవాళ్లు, రాసేవాళ్లు, షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా మహిళా మండలి తరఫున ‘మిస్సమ్మ’ పాటలతో గంటసేపు కార్యక్రమం చేద్దామనుకుంటున్నామండీ. పాటలు వరసగా పాడేస్తే మామూలు పాటకచేరీ అయిపోతుంది. సినిమాలో ఆ పాటలు చేసిన పని శ్రోతలకు తెలిసేలా ఎలా కూర్చాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మంచి సినిమానే ఎంచుకున్నారు. 1955 జనవరిలో విడుదలైన ఈ విజయావారి చిత్రంలో పాటలు తీసేస్తే కథ అర్థం కాదు. ఉద్యోగం కోసం రావు (ఎన్టీఆర్), మేరీ (సావిత్రి) మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి జమీందారు ఊళ్లో బడి పంతుళ్లుగా చేరతారు. అందరి ముందూ దంపతుల్లా ఉండాలి, నాలుగు గోడల మధ్య కీచులాడుకోవాలి. మనసులో మాట నేరుగా చెప్పుకునే వీలు ఇద్దరికీ లేదు. ఆ మాటల్ని పింగళి నాగేంద్రరావు పాటల్లోకి మళ్లించారు, ఎస్. రాజేశ్వరరావు బాణీ కట్టారు. మీ వ్యాఖ్యానమంతా ఈ ఒక్క విషయం మీద నడిపితే చాలు: ప్రతి పాటా ఒకరితో చెబుతున్నట్టే ఉంటుంది, తగలాల్సింది ఇంకొకరికి.

‘రావోయి చందమామ’నే తీసుకోండి. ఎ.ఎం. రాజా, పి. లీల పాడారు. ఫిర్యాదు చంద్రుడికి. చరణాలు వంతులవారీగా వస్తాయి, ఒకరి గురించి ఒకరు ‘తను’, ‘అతను’ అనే చెప్పుకుంటారు. పక్కనే ఉన్న మనిషిని ‘నువ్వు’ అనకపోవడంలోనే నవ్వంతా ఉంది. వేదిక మీద గాయనీగాయకులు ఒకరినొకరు చూసుకుంటూ పాడితే అది మామూలు యుగళగీతమైపోతుంది. ఇద్దరూ సభవైపే చూస్తూ పాడాలి. ఆఖరి చరణంలో మాత్రం ఒక్క ఓరచూపు చాలు.

‘బృందావనమది అందరిది’ కూడా అంతే. ఈసు (అసూయ) ఎందుకని అడిగేది రాధని, కానీ ఆ మాట మేరీ కోసం. రాజా, పి. సుశీల పాడిన ఈ పాటకు ఆధారం శుద్ధసావేరి రాగం. అంటే స రి మ ప ధ మాత్రమే, గాంధార నిషాదాలు ఉండవు. హార్మోనియం వాయించేవాళ్లు అలవాటు కొద్దీ కిందికి దిగేటప్పుడు ని, గ తాకిస్తుంటారు. అలా తాకితే ఆరభి ఛాయ వచ్చి పాట రంగు మారుతుంది. ఆ రెండు మెట్లూ ఎక్కడా తగలకుండా రిహార్సల్లో ఒకసారి స్వరాలతోనే పాడించి చూసుకోండి.

మీ కార్యక్రమానికి ప్రాణం మాత్రం ‘తెలుసుకొనవె చెల్లి’, ‘తెలుసుకొనవె యువతి’ జంట. మగవాళ్లకి దూరంగా మెలగమని మేరీ జమీందారు కూతురు సీతకి పాఠం చెబుతుంది (లీల గొంతు). అదే బాణీలో రావు తిప్పికొడతాడు (రాజా గొంతు). సభలో ఈ రెండింటి మధ్య ఇంకో పాట పెట్టకండి. వ్యాఖ్యానం కూడా వద్దు. మొదటి పాట ఆగిన నాలుగైదు సెకన్లలో రెండోది అందుకోవాలి. అప్పుడే బాణీ ఒకటేనని శ్రోతకి తడుతుంది, నవ్వు వస్తుంది. ఇక్కడ శ్రుతితో ఒక చిక్కుంది. ఆడగొంతుకి అయిదు, అయిదున్నర శ్రుతి దగ్గర హాయిగా ఉన్నది మగగొంతుకి అందదు. మగవాళ్లు ఎక్కువగా ఒకటి, రెండు మధ్య పాడతారు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఒకటే ఉంటే మార్చేలోపు నిశ్శబ్దం వచ్చేస్తుంది. రెండు పెట్టెలు ముందే శ్రుతి చేసి పెట్టుకోండి. కీబోర్డు ఉంటే ట్రాన్స్‌పోజ్ విలువ (శ్రుతి ఎన్ని మెట్లు జరపాలో చెప్పే అంకె) కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. యుగళగీతాలకు ఒకే శ్రుతి కావాలి కాబట్టి పల్లవితో పరీక్షించవద్దు. చరణంలో అన్నిటికంటే పైకి వెళ్లే ముక్క ఇద్దరిచేతా పాడించి, ఇద్దరికీ అందే మెట్టు దగ్గర ఆగండి.

వరస ఇలా పెడితే కథ నడుస్తుంది: ‘కరుణించు మేరిమాత’ మొదట, మేరీ ఎవరో తెలియడానికి. తర్వాత తెలుసుకొనవె జంట, ఆపైన బృందావనం, ‘ఆడవారి మాటలకు అర్థాలే వేరులే’, చివర చందమామ. సినిమాలోని క్రమం ఇది కాదు, వేదికకి పనికొచ్చే క్రమం. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి రేలంగి పాడిన ‘ధర్మం చెయ్ బాబు’ రెండు నిమిషాలు పెట్టుకోవచ్చు. ఒక్కో పాట నాలుగు నిమిషాలు, వ్యాఖ్యానం రెండు నిమిషాలు అనుకుంటే ఏడు పాటలకి నలభై నిమిషాలు దాటుతుంది. మిగతాది వాద్యాలు సర్దుకోవడానికే పోతుంది. ఎనిమిదో పాట పెట్టకండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం వేడుకకి పాత పాటలు ప్రాక్టీసు చేస్తున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన సినిమా కాపీతో పాటు వాయిస్తుంటే కీబోర్డు మీద ఏ మెట్టుకీ సరిపోవడం లేదు. రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటోంది. కీబోర్డుదా తప్పు?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: కీబోర్డుది కాదు, కాపీది. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది. టీవీ కోసం సెకనుకి 25 ఫ్రేముల పద్ధతిలో ఎక్కించినప్పుడు సినిమా నాలుగు శాతం పైచిలుకు వేగంగా పరుగెడుతుంది. దాంతో శ్రుతి సుమారు ముప్పాతిక మెట్టు పెరుగుతుంది. అందుకే మీకు మెట్టుకీ మెట్టుకీ మధ్య వినబడుతోంది. ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఆప్షన్ ఎంచుకుని 96 శాతానికి తగ్గించండి. శ్రుతి మారకుండా వేగం మాత్రమే తగ్గించే ఆప్షన్ నొక్కితే సమస్య అలాగే ఉంటుంది. అప్పటికీ కుదరకపోతే పాత టేపు సాగి ఉండొచ్చు. అప్పుడు శాతాలు పక్కనపెట్టి, కీబోర్డులో ఫైన్ ట్యూన్ మీటతో సెంట్లలో (మెట్టులో వందో వంతు చొప్పున) జరుపుకుంటూ పాటలోని షడ్జమానికి కలపండి.

ఇంకో మాట. గ్రామఫోన్ రికార్డు నుంచి వచ్చిన పాటకీ సినిమాలోని పాటకీ నిడివి తేడా ఉంటే ఆశ్చర్యపోకండి. 78 ఆర్పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. పొడుగు పాటని రెండు వైపులకీ పంచేవారు, లేదా వాద్యాల ముక్కో చరణమో తగ్గించేవారు. మీ బృందంలో అందరూ ఒకే కాపీ విని నేర్చుకుంటున్నారో లేదో చూసుకోండి. వేదిక మీద ఒకరు చరణంలోకి వెళ్తుంటే ఇంకొకరు ఇంటర్లూడ్ వాయించడం ఇందువల్లే జరుగుతుంది.

ప్రశ్న: ఇరవై నిమిషాల ప్రేమకథ తీస్తున్నాం. హీరో ‘ఆడవారి మాటలకు’ పాట ఓ ముక్క హమ్ చేస్తాడు, తర్వాత అసలు పాట 25 సెకన్లు వస్తుంది. 30 సెకన్ల లోపు ఉచితమే అంటున్నారు. పైగా పాట వచ్చి అరవై ఏళ్లు దాటింది. వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 30 సెకన్ల నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. అయిదు సెకన్లయినా అనుమతి కావలసిందే. అరవై ఏళ్ల మాట నిజమే, కానీ అది పాటలో ఒక భాగానికే.

సినిమా పాటలో మూడు ఆస్తులుంటాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగ్. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కి గడువు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికీ బాణీకీ అలా కాదు. రాసినవారు, కట్టినవారు మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్క. ఈ పాటకే చూడండి. 1955 రికార్డింగ్ గడువు 2015 చివరితో తీరింది. పింగళి 1971లో కన్నుమూశారు, కాబట్టి సాహిత్యం 2031 చివరిదాకా రక్షణలో ఉంటుంది. రాజేశ్వరరావు 1999లో పోయారు, కాబట్టి బాణీ 2059 చివరిదాకా. అంటే పాత రికార్డు వేసినా, మీ హీరో సొంతగొంతుతో హమ్ చేసినా, బాణీకి అనుమతి కావాలి. పదాలు పలికితే సాహిత్యానికీ కావాలి. 2001లో ‘ఖుషి’ కోసం ఇదే పాటని మళ్లీ పాడించారు. మీ ఎడిటరు పొరపాటున ఆ రికార్డింగ్ వేస్తే దాని గడువు ఇంకా చాలా ఉంది. ఫైలు ఎక్కడిదో ముందు తేల్చుకోండి.

అనుమతి అడిగే పద్ధతి: ముందు పాట హక్కులు ఇప్పుడు ఏ ఆడియో సంస్థ దగ్గరున్నాయో కనుక్కోండి. అధికారికంగా పెట్టిన పాట కింద వివరాల్లో సాధారణంగా ఉంటుంది. నిర్మాత పాటల్ని అమ్మేసి ఉండొచ్చు కాబట్టి ‘సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ మీవేనా, వీటిలో ఏవి?’ అని ఉత్తరంలోనే అడగండి. మీ వైపు నుంచి రాయాల్సినవి ఇవి. పాట ఎన్ని సెకన్లు, సన్నివేశంలో ఏం జరుగుతుంటుంది, పెదవి కదుపుతారా లేక వెనక వినిపిస్తుందా, ఎక్కడ ప్రదర్శిస్తారు (ఫెస్టివల్, యూట్యూబ్, ఓటీటీ), ఏ దేశాల్లో, ఎన్నేళ్లు, మీ మొత్తం బడ్జెట్ ఎంత. ‘అన్ని మాధ్యమాలు, శాశ్వతంగా’ అని అడిగితే మీకందని ధర చెబుతారు. ముందు ఫెస్టివల్స్‌కి మాత్రమే, ఒకటి రెండేళ్లకి అడిగి, ఓటీటీకి అమ్ముడైతే ఎంత కట్టాలో అదే ఒప్పందంలో రాయించుకోండి. ఫోన్లో ‘కానీయండి’ అన్నది అనుమతి కాదు. సంతకం చేసిన కాగితం కావాలి.

అయిదేళ్లు దాటిన పాటకి చట్టబద్ధంగా కవర్ వెర్షన్ చేసుకునే వీలు 31సి సెక్షన్‌లో ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది వినే రికార్డింగ్‌కే వర్తిస్తుంది, బొమ్మకి జతచేయడానికి కాదు. దానిలోనూ ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. సరదాకి పదాలు మార్చి పేరడీ చేద్దామనుకుంటే ఇంకా జాగ్రత్త. రచనని వికృతం చేశారని రచయిత వారసులు కూడా 57వ సెక్షన్ కింద అడ్డుచెప్పవచ్చు.

మా సలహా అడిగితే, షూటింగ్‌కి ముందే అనుమతి రాని పాట చుట్టూ సన్నివేశం రాయకండి. పెదవి కదిపిన పాటని ఎడిటింగ్‌లో మార్చడం కుదరదు. హీరో పాడకుండా, పాట అవతలి గదిలో రేడియోలోంచి వచ్చేలా తీస్తే ఆఖరి నిమిషంలో కూడా ఇంకో పాట పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ట్యూన్‌కి పాట రాయడం నేర్చుకుంటున్నాను. మాత్రలు లెక్కపెట్టి రాసినా పాడేసరికి మాటలు నలిగిపోతున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మాత్రలు సరిపోయినా వరస సరిపోకపోవడం వల్ల. ట్యూన్ ‘తానన తానన’ అని నడుస్తోందనుకోండి. అక్కడ ముందు గురువు, తర్వాత రెండు లఘువులు కావాలి. వెన్నెల, అల్లరి, చూపులు, కోపము ఇవన్నీ కూర్చుంటాయి. ‘మనసే’, ‘పలుకే’ కూడా నాలుగు మాత్రలే, కానీ రెండు లఘువుల తర్వాత గురువు, అంటే ‘తననా’. దాన్ని ‘తానన’ చోట పెడితే గాయకుడు ‘మానసె’ అని సాగదీయక తప్పదు. ‘మౌనం’, ‘నేనే’ కూడా నాలుగే, అవి ‘తానా’. కాబట్టి సంగీత దర్శకుడిచ్చిన డమ్మీ (అర్థం లేని మాటలతో పాడిన ట్యూన్) విని ముందు తత్తకారం, అంటే ‘తానన’ లాంటి నడక, రాసుకోండి. దాని కింద గురువుకి U, లఘువుకి I గుర్తులు వేయండి. ఆ తర్వాతే మాటలు.

మరో రెండు చోట్ల నలుగుతుంది. ఒకటి, ఊపిరి. ట్యూన్‌లో గాయకుడు ఊపిరి తీసుకునే చోటు మాట మధ్యలో పడకూడదు. రెండు, పై స్థాయిలో ఎక్కువసేపు నిలిచే స్వరం. అక్కడ ‘ఆ’, ‘ఓ’ తెరుచుకుంటాయి. ‘ఇ’, ‘ఉ’ గొంతుని బిగిస్తాయి, సున్నాతో ఆగే మాట ముక్కులోకి పోతుంది. ‘ప్రాణం’ అని ఆపకుండా ‘ప్రాణమా’ అంటే తేడా వెంటనే వినబడుతుంది.

హాస్యం ఉన్న ప్రేమపాటలో చమత్కారం ఎక్కడ పడాలన్నది కూడా నేర్చుకోండి. నవ్వించే మాట పాదం చివర, తాళం దెబ్బ మీద పడాలి. దాని తర్వాత కనీసం రెండు దెబ్బల ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే శ్రోత ఇంకా నవ్వకముందే తర్వాతి పాదం మీద పడిపోతుంది. ట్యూన్‌లో ఆ ఖాళీ లేకపోతే అడిగి పెట్టించుకోండి. మొహమాటపడాల్సిన పనిలేదు, బాణీ కట్టినవారికీ అదే కావాలి.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు గుర్తుంచుకోవాల్సినది: కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం సినిమాహాల్లో సినిమాతోపాటు వినిపించడం మినహా మిగతా వినియోగాలన్నిటిలో రచయితకి రాయల్టీలో సమాన వాటా ఉంది. ఆ వాటాని వదులుకుంటున్నట్టు రాయించుకోవడం చట్టం ఒప్పదు.

ప్రశ్న: పాట చిత్రీకరించి ఎడిట్ చేస్తుంటే కట్‌లు తాళానికి కాస్త అటూ ఇటూ అవుతున్నాయి. లిప్ సింక్ కూడా పాట చివరికొచ్చేసరికి తప్పుతోంది. ఫోన్‌తో తీశాం.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ వేరు వేరు సమస్యలు.

కట్‌ల సంగతి బాణీ కట్టేటప్పుడే చూసుకోవాలి. 1440ని బీపీఎంతో (నిమిషానికి తాళం దెబ్బల సంఖ్యతో) భాగిస్తే, 24 ఫ్రేముల సినిమాలో ఒక్కో దెబ్బకి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 90 బీపీఎంకి 16, 96కి 15, 120కి 12. అన్నీ పూర్ణసంఖ్యలే, కట్ కచ్చితంగా దెబ్బ మీద పడుతుంది. 100 బీపీఎం అయితే 14.4 వస్తుంది. ప్రతి దెబ్బకీ కొద్దికొద్దిగా తప్పుతుంటుంది. మీరు 25 ఫ్రేములతో పనిచేస్తుంటే 1500ని భాగించండి. అప్పుడు 100 బీపీఎంకి సరిగ్గా 15.

నిడివి కూడా ఇలాగే ముందే తెలుస్తుంది. 96 బీపీఎంలో నాలుగు దెబ్బల ఆవర్తం రెండున్నర సెకన్లు. నాలుగు ఆవర్తాల ఇంట్రో 10 సెకన్లు, రెండుసార్లు పల్లవి 16 ఆవర్తాలు 40, ఇంటర్లూడ్ 8 ఆవర్తాలు 20, చరణం 40, మళ్లీ పల్లవి 20. మొత్తం రెండు నిమిషాల పది సెకన్లు. ఇంటర్లూడ్, పల్లవితో సహా రెండో చరణం పెడితే మూడున్నర నిమిషాలు. ఇరవై నిమిషాల సినిమాకి ఒక్క చరణం పాటే ఎక్కువ.

లిప్ సింక్ తప్పడానికి కారణం ఫోను. చాలా ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేముల వేగాన్ని మార్చేస్తుంటాయి. ఎడిట్‌కి ముందు క్లిప్పులన్నిటినీ స్థిరమైన 24 లేదా 25 ఫ్రేములకి మార్చుకోండి. కెమెరాతో తీసినా 24లో తీసి 23.976 టైమ్‌లైన్ మీద పెడితే బొమ్మ వెయ్యోవంతు నెమ్మదిస్తుంది. మూడున్నర నిమిషాలు ఒకే షాట్‌గా తీసి ఉంటే చివరికి అయిదు ఫ్రేములు తేడా వస్తుంది. రెండు మూడు ఫ్రేములకే ప్రేక్షకుడి కన్ను పట్టేస్తుంది.

స్లో మోషన్‌లో పెదవులు కదపాలంటే సెట్‌లో పాట వేగం పెంచి వినిపించాలి. 30 ఫ్రేముల్లో తీసి 24లో చూపిస్తే 125 శాతం, 36కి 150, 48కి 200. శ్రుతి మారకుండా వేగం పెంచిన ఫైళ్లు ముందురోజే తయారుచేసి, ఒక్కోదానికీ శాతం పేరులోనే రాసుకోండి. ప్రతి ముక్క ముందూ మూడు టిక్కులు పెడితే నటులు సమయానికి అందుకుంటారు. 200 శాతంలో గబగబా సాగే పాదాలకి ఎవరి పెదవులూ ఆడవు. 48 ఫ్రేములు దీర్ఘస్వరాలున్న పాదాలకే ఉంచండి.

ప్రశ్న: మాంటాజ్ పాట మీద హీరో హీరోయిన్ల డైలాగులు వస్తాయి. పాట తగ్గిస్తే చప్పబడుతోంది, పెంచితే మాటలు వినబడట్లేదు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గొంతు మీద గొంతు పెడితే ఎంత తగ్గించినా తగవే. డైలాగు వచ్చే చోట పాడిన గొంతు తీసేసి వాద్యాల ట్రాకే ఉంచండి. ఆ ట్రాకుని ఎనిమిది, పది డెసిబెల్స్ దించి, రెండు మూడు కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో మూడు డెసిబెల్స్ తగ్గించండి. మాటల స్పష్టత ఉండేది అక్కడే. దించడం డైలాగుకి అర సెకను ముందు మొదలవ్వాలి, ఎత్తడం నెమ్మదిగా ఒక సెకను పట్టాలి. గొంతు లేని ట్రాకు కావాలని సంగీత దర్శకుడికి మిక్సింగ్ రోజునే చెప్పి తీసుకోండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో గొంతు చెరిపితే వేణువు, వయొలిన్ కూడా దెబ్బతింటాయి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లిలో సినిమా పాటలు వేయిస్తే లైసెన్సు కావాలా? ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పెళ్లికీ, పెళ్లి ఊరేగింపుకీ, దానికి సంబంధించిన వేడుకలకీ కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అక్కడ పాట వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. వీడియోకి పాట జతచేసి యూట్యూబ్‌లో పెట్టడం మాత్రం వేరే సంగతి, ఆ మినహాయింపు దానికి రాదు. తరచుగా జరిగేది క్లెయిమ్. ప్రకటనల ఆదాయం హక్కుదారుకి పోతుంది, లేదా వీడియో కొన్ని దేశాల్లో కనబడదు. స్ట్రైక్ వేరు, అంటే హక్కుదారు ఫిర్యాదుతో వీడియోనే తీసేయడం. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. బంధువులకి చూపించడానికే అయితే వీడియో ఫైలు నేరుగా పంచుకోండి. యూట్యూబ్ కోసం సన్నాయి మేళం వాళ్లు ముహూర్తంలో వాయించిన త్యాగరాజ కీర్తనలతో ఇంకో కాపీ చేయించుకోండి. కీర్తనల మీద హక్కులు ఎప్పుడో తీరాయి, వాయించినవాళ్లని ఒక్క మాట అడిగితే చాలు.